మెదడు తరంగాలతో మాట్లాడించే హెడ్‌సెట్ కొనాలా? ఏఎల్‌ఎస్ ఉన్న మామయ్య గురించి అడిగినవారికి

మీరు అడిగింది ఇది: మామయ్యకు ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) వచ్చి మాట పూర్తిగా పోయింది. చేతులు కదలవు. కళ్లు, కనురెప్పలు మాత్రం ఇంకా బాగానే కదులుతున్నాయి. మెదడు తరంగాలను చదివే హెడ్‌సెట్ల వీడియోలు చూశారు. ఒకటి కొంటే ఆయన అనుకున్నది స్క్రీన్ మీద టైప్ అవుతుందా, అవుతుందంటే ఏది కొనాలి?

సూటిగా చెప్తాను. అనుకున్నది అనుకున్నట్టు టైప్ అవ్వదు. తల పైన పెట్టుకునే ఏ హెడ్‌సెట్టూ ఈ రోజుకి ఆ పని చెయ్యలేదు. కానీ మామయ్య మీతో మళ్లీ మాట్లాడే దారి కచ్చితంగా ఉంది. అది ఇప్పుడే, కళ్లు కదులుతున్నప్పుడే మొదలుపెట్టాలి. ఆ దారిలో హెడ్‌సెట్ మొదట రాదు. నేను చాలా ఏళ్లుగా ఈఈజీ (తల బయట నుంచి మెదడు తరంగాలను నమోదు చేసే పద్ధతి) రికార్డింగ్ పనిలోనూ, మాట పోయినవాళ్లకు స్పెల్లర్లు, అంటే అక్షరాలు ఎంచుకుని రాసే పరికరాలు, అమర్చే పనిలోనూ ఉన్నాను. ఆ అనుభవంతో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మెదడులోని విద్యుత్ సంకేతాలను తల బయట నుంచి మొదట పట్టింది జర్మనీలోని యేనా నగరంలో పనిచేసిన హాన్స్ బెర్గర్. 1924లో రికార్డు చేసి, 1929లో ప్రచురించాడు. కళ్లు మూసుకుంటే సెకనుకు పది సార్లకు అటూ ఇటూగా ఊగే అల పెరుగుతుందని, తెరిస్తే తగ్గుతుందని చూపించాడు. ఇప్పటికీ కొత్త ఈఈజీ మిషన్ సరిగ్గా పనిచేస్తోందా అని చూడటానికి మేము మొదట చేసే పరీక్ష అదే. ఏ హెడ్‌సెట్ చేతికొచ్చినా మీరు కూడా అది చేసి చూడండి. కళ్లు మూసినప్పుడు తల వెనక భాగంలో ఆ అల కనిపించకపోతే మిగతా ఫీచర్ల గురించి ఆలోచించడం దండగ.

తల పైన దొరికే ఈ సంకేతం చాలా బలహీనమైనది. సాధారణంగా 10 నుంచి 100 మైక్రోవోల్టులు ఉంటుంది, అంటే వోల్టులో పదిలక్షల వంతుల లెక్క. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక ఎలక్ట్రోడ్‌కు (తలకు తగిలించి సంకేతాన్ని పట్టే చిన్న బిళ్లకు) అందేది వాటిలో లక్షలాది కణాలు కలిసికట్టుగా చేసే పని మొత్తం, అదీ పుర్రె ఎముక, చర్మం దాటి మసకబారిపోయాక. గోడ అవతల గదిలో చాలామంది ఒకేసారి మాట్లాడుకుంటుంటే మాటలు అర్థం కావు, అందరూ ఒక్కసారి చప్పట్లు కొడితే మాత్రం తెలుస్తుంది. ఈఈజీతో మనకు దొరికేది ఆ చప్పట్లే. "నాకు దాహంగా ఉంది" అనే ఆలోచన అందులో మాటల రూపంలో ఉండదు.

మరి ఇన్నేళ్లుగా ఈఈజీతో మనుషులు అక్షరాలు ఎలా రాస్తున్నారు? యంత్రం ముందు కొన్ని ఎంపికలు చూపిస్తుంది. మనిషి వాటిలో ఒకదానిపై దృష్టి పెడతాడు. దాన్ని చూపించినప్పుడు మెదడు ఇచ్చే స్పందన వేరుగా ఉంటుంది, యంత్రం ఆ తేడాను పడుతుంది. జరిగేది అంతే. మామయ్య "మాట్లాడటం" అంటే ఎంచుకోవడం అని మీ ఇంట్లో అందరికీ అర్థమైతే మిగతాదంతా సులువవుతుంది. అప్పుడు ఏ పరికరం గురించి విన్నా మీరు అడగాల్సింది ఒకటే ఉంటుంది: ఆయన శరీరం నుంచి నమ్మకంగా, అలసట లేకుండా ఎంపికను తెలిపే సంకేతం ఏది?

ఈఈజీ పద్ధతుల్లో అన్నిటికంటే ఎక్కువ వాడింది పీ300 అనే మెదడు స్పందన. మనం ఎదురుచూస్తున్నది, అరుదుగా వచ్చేది కంటబడినప్పుడు సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత నడినెత్తి ప్రాంతంలో వోల్టేజ్ కొద్దిగా పైకి లేస్తుంది. దీన్ని 1965లో గమనించారు. 1988లో ఫార్వెల్, డాంచిన్ అనే ఇద్దరు పరిశోధకులు దీంతో స్పెల్లర్ తయారుచేశారు. స్క్రీన్ మీద ఆరు వరుసలు, ఆరు నిలువు గళ్లు, మొత్తం 36 గుర్తులు. వరుసలూ నిలువు గళ్లూ ఒక్కొక్కటిగా, ఏ క్రమమూ లేకుండా మెరుస్తాయి. మీకు కావలసిన అక్షరం మీద దృష్టి పెట్టి, అది మెరిసిన ప్రతిసారీ లోపల లెక్కపెట్టుకుంటారు. పన్నెండు మెరుపుల్లో రెండింటిలోనే మీ అక్షరం ఉంటుంది. ఆ రెండింటికి వచ్చే స్పందన పెద్దది. ఏ వరుస, ఏ నిలువు గడి అని తెలిసిందంటే అక్షరం దొరికినట్టే.

వినడానికి బాగుంటుంది కానీ ఒక్క మెరుపుతో పని జరగదు. పీ300 ఎత్తు చాలామందిలో పది మైక్రోవోల్టుల లోపే. దాని చుట్టూ ఉండే మామూలు అలజడి అంతకంటే పెద్దది. ఒక్క కనురెప్ప ఆడితే వంద మైక్రోవోల్టులు దాటిపోతుంది. అందుకే అవే మెరుపులను మళ్లీ మళ్లీ చూపించి సగటు తీస్తారు. పదహారు సార్లు చూపిస్తే అలజడి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంకా సగానికి తగ్గాలంటే అరవై నాలుగు సార్లు చూపించాలి. ఇక్కడే కాలమంతా పోతుంది. ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ మధ్య 175 మిల్లీసెకన్లు అనుకుందాం. పన్నెండు మెరుపులకు 2.1 సెకన్లు. పదిసార్లు తిప్పితే 21 సెకన్లు. మధ్యలో విరామం కలిపితే నిమిషానికి రెండు మూడు అక్షరాలు. తప్పు అక్షరం పడితే చెరపడానికి మళ్లీ అంత సమయం. తర్వాతి కాలంలో అక్షరం మెరిసే బదులు దానిపై తెలిసిన ముఖాన్ని ఒక్క క్షణం చూపిస్తే స్పందన పెరుగుతుందని తేలింది. పద సూచనలు కలిపితే ఇంకొంత వేగం వస్తుంది. అయినా ఇది నిదానంగా నడిచే పని, అలసట తెచ్చే పని.

ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది, అమ్మేవాళ్లు సాధారణంగా ఇది చెప్పరు. పీ300 స్పెల్లర్ బాగా పనిచేసేది మనిషి ఆ అక్షరం వైపు నేరుగా చూడగలిగినప్పుడే. 2010 ప్రాంతంలో వచ్చిన అధ్యయనాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. చూపు మధ్యలో నిలిపి, పక్కనున్న అక్షరంపై మనసు మాత్రం పెట్టమంటే ఫలితం బాగా పడిపోయింది. కారణం ఏమిటంటే, యంత్రం పట్టేదాంట్లో పెద్ద భాగం కంటి నుంచి మెదడు వెనక భాగానికి చేరే దృశ్య స్పందన. కళ్లు కదలగలిగే మనిషికి బాగా పనిచేసే పరికరం, కళ్లు ఆగిపోయాక అంత బాగా పనిచెయ్యదు. కళ్లు కదులుతుంటే ఐ ట్రాకర్ (చూపు తెర మీద ఎక్కడ పడుతోందో కెమెరాతో పట్టే పరికరం) దీనికంటే ఎన్నో రెట్లు వేగంగా ఉంటుంది. మీ మామయ్య విషయంలో హెడ్‌సెట్ మొదటిది కాదని నేను అనడానికి అసలు కారణం ఇదే.

రెండో పద్ధతిలో ఒక్కో అక్షరం ఒక్కో వేగంతో మిణుకుమంటుంది. సెకనుకు 10 సార్లు మిణికేదాన్ని చూస్తే మెదడు వెనక భాగంలో కూడా 10 హెర్ట్జ్ అల లేస్తుంది. దీన్ని ఎస్‌ఎస్‌వీఈపీ అంటారు. వేగంలో తల బయటి పద్ధతులన్నిటికంటే ఇదే ముందుంది. 2015లో చైనా పరిశోధకులు 40 గుర్తుల స్పెల్లర్‌తో నిమిషానికి 60 అక్షరాల దాకా వెళ్లారు. అది ఆరోగ్యవంతులైన యువకులు, మంచి పరికరాలు, నిశ్శబ్దమైన ల్యాబ్ కలిసి సాధించిన వేగం. దీనికీ చూపు తప్పనిసరి. మిణికే వెలుగు గంటల తరబడి చూడటం కళ్లకు హింస. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా ఇది పెట్టకూడదు. ముఖ్యంగా 15 నుంచి 25 హెర్ట్జ్ మధ్య మెరుపులు ప్రమాదకరం.

మూడోది చెయ్యి కదిలిస్తున్నట్టు ఊహించుకోవడం. కుడిచెయ్యి కదులుతున్నట్టు ఊహిస్తే మెదడు ఎడమవైపు, కదలికలను నడిపే మోటార్ ప్రాంతంలో 8 నుంచి 12 హెర్ట్జ్ అల తగ్గుతుంది. ఎడమచెయ్యి ఊహిస్తే కుడివైపు తగ్గుతుంది. దీనికి చూపు అక్కర్లేదు, అది పెద్ద లాభం. కానీ వారాల తరబడి సాధన కావాలి. ఎంత ప్రయత్నించినా సుమారు 15 నుంచి 30 శాతం మందికి ఈ నియంత్రణ సరిగ్గా రాదని ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. అది తెలివికీ పట్టుదలకూ సంబంధించినది కాదు. దయచేసి రాకపోతే ఆయన్ని "ఇంకా గట్టిగా ప్రయత్నించండి" అనకండి.

వీడియోల్లో మీరు చూసినవి దాదాపు కచ్చితంగా మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టిన కేసులు. అవి నిజమే, అద్భుతమైనవి కూడా. 2021లో స్టాన్‌ఫర్డ్ బృందం ఒక మనిషి చేత్తో రాస్తున్నట్టు ఊహించుకుంటే నిమిషానికి 90 అక్షరాలు తెర మీదకు తెచ్చింది. 2023లో అదే చోట ఏఎల్‌ఎస్ ఉన్న ఒకావిడ పలకడానికి ప్రయత్నించిన మాటలను నిమిషానికి 62 పదాల వేగంతో పట్టారు. అదే ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో బృందం 253 ఎలక్ట్రోడ్లను మెదడు ఉపరితలంపై పరిచి నిమిషానికి 78 పదాలు అందుకుంది. 2024లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ బృందం ఏఎల్‌ఎస్ ఉన్న ఒకాయనకు 256 ఎలక్ట్రోడ్లు అమర్చింది. నూటికి 97 పదాలు సరిగ్గా వచ్చాయి. వీటన్నిటికీ పుర్రె తెరిచే ఆపరేషన్ అవసరం. ఇవి పరిశోధనలుగా, చాలా కొద్దిమందితో, ఇంజినీర్ల బృందాలు పక్కనుండి చేసినవి. లోపలి ఎలక్ట్రోడ్ నాడీకణాల పక్కనే కూర్చుని వింటుంది, మసక ఉండదు. ఆ ఫలితాన్ని చూపించి తల పైన పెట్టే హెడ్‌సెట్‌ను ఎవరైనా అమ్మజూపితే ఆ అమ్మకం అన్యాయమైనది.

ఇక మార్కెట్లో దొరికే చవక హెడ్‌సెట్ల సంగతి. చాలావాటిలో నుదుటి మీద ఒకటో రెండో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. పీ300 దొరికేది నడినెత్తిన, ఎస్‌ఎస్‌వీఈపీ దొరికేది తల వెనక. నుదుటి మీద ఎక్కువగా దొరికేది కనుబొమల కండరం, కళ్ల కదలిక. "ఏకాగ్రత 80 శాతం" అని చూపించే అంకెలో మెదడు వాటా ఎంతో, నుదురు ముడిచిన వాటా ఎంతో చెప్పడం కష్టం. అయితే ఇక్కడ నాకు పట్టింపు లేదు. మామయ్య కనుబొమ ముడిచి దాన్ని స్విచ్‌లా వాడగలిగితే నిరభ్యంతరంగా వాడండి. సంకేతం మెదడు నుంచి వచ్చిందా, కండరం నుంచి వచ్చిందా అనేది ఆయనకు ముఖ్యం కాదు, మాట చేరడం ముఖ్యం. స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్లలో వాడింది కూడా ఇలాంటిదే. కళ్లద్దాలకు అమర్చిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఆయన చెంప కండరం కదలికను పట్టేది. ఆయన మెదడు తరంగాలతో మాట్లాడేవారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఈ రోజే, ఏ పరికరమూ లేకుండా, "అవును"కూ "కాదు"కూ గుర్తులు నిర్ణయించుకోండి. పైకి చూస్తే అవును, కళ్లు గట్టిగా మూస్తే కాదు, ఇలా ఏదో ఒకటి. మామూలు రెప్పపాటును "కాదు"గా పెట్టకండి, అది తనంతట తానే పడుతుంది కాబట్టి గందరగోళం. "మీ ప్రశ్న తప్పు, వేరేది అడగండి" అనడానికి మూడో గుర్తు కూడా ఉండాలి. అది లేక రోగులు పడే టెన్షన్ చాలా ఎక్కువ. నొప్పి కాలులో ఉంటే మీరు చెయ్యి గురించే పదిసార్లు అడుగుతుంటారు.

తర్వాత అక్షరాలు. తెలుగు వర్ణమాల దీనికి చక్కగా సరిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లు "అచ్చులా? క వర్గమా? చ వర్గమా? ట వర్గమా?" అని నిదానంగా అడుగుతూ పోవాలి. ఆయన గుర్తు ఇచ్చిన దగ్గర ఆగి "క, ఖ, గ" అని వర్గంలోకి వెళ్లాలి. తర్వాత గుణింతం. మొదట్లో గుణింతాలూ ఒత్తులూ వదిలేసి హల్లులు మాత్రమే పట్టుకున్నా ఇంట్లోవాళ్లకు సగం మాటలు అర్థమైపోతాయి. "న, ళ" అనగానే నీళ్లని తెలిసిపోతుంది. ఊహించినప్పుడు మాత్రం "నీళ్లా?" అని అడిగి అవును అనిపించుకున్నాకే ముందుకెళ్లండి. ఆయన మాటను మీరు పూర్తిచెయ్యడం అలవాటైపోతే, కొన్నాళ్లకు ఆయన చెప్పాలనుకున్నదీ మీరు అనుకున్నదీ కలిసిపోతాయి.

పీ300 తెర మీద తెలుగు పెట్టాలన్నా ఇదే సమస్య వస్తుంది. 36 గళ్లలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు పట్టవు. కాబట్టి మొదట హల్లు, తర్వాతి తెరలో గుణింతం అని రెండు మెట్లుగా చెయ్యాలి. ఒక్కో అక్షరానికి రెండు ఎంపికలు అంటే సమయం రెట్టింపు. ఎక్కువగా వాడే ఇరవై ముప్పై మాటలను నేరుగా గళ్లలో పెట్టేస్తే ఎంతో శ్రమ తగ్గుతుంది. ఆ మాటల జాబితా మామయ్యతోనే తయారుచేయించండి. మనం "నీళ్లు, నొప్పి, నిద్ర" రాస్తాం. ఆయనకు "దగ్గర కూర్చో", "ఆ విషయం వదిలెయ్", "టీవీ ఆపు" ఎక్కువ అవసరం కావచ్చు.

దీనితో పాటే ఐ ట్రాకర్ గురించి స్పీచ్ థెరపిస్ట్‌తో మాట్లాడండి. కొనకముందు ఆయన పడుకునే చోట, ఆయన పడుకునే భంగిమలోనే పరీక్షించి చూడాలి. కళ్లు పొడిబారడం, రెప్పలు సగం వాలిపోవడం, కిటికీలోంచి ఎండ పడటం, కళ్లద్దాల మెరుపు, ఇవన్నీ దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. షోరూమ్‌లో కుర్చీలో కూర్చున్న మనిషితో బాగా పనిచేసిందని కొనేయకండి.

ఈఈజీని ఎప్పుడు తలచుకోవాలి? ఐ ట్రాకర్ కాలిబ్రేషన్ (ఆ మనిషికి సరిపోయేలా పరికరాన్ని సర్దుకోవడం) మాటిమాటికీ తప్పుతున్నప్పుడు, రెప్ప కదలిక నమ్మకంగా లేనప్పుడు. ఆ రోజు వచ్చేలోపే సాధన మొదలుపెట్టాలి. కళ్లతో సమాధానం చెప్పగలిగినప్పుడే హెడ్‌సెట్ కూడా నేర్చుకుంటే, రెండింటి జవాబులు పోల్చి యంత్రం సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూడొచ్చు. తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు. ఎంచుకునేటప్పుడు నడినెత్తిన, తల వెనకా కలిపి కనీసం ఎనిమిది ఎలక్ట్రోడ్లు ఉన్నది, ముడి సంకేతాన్ని చూపించేది, జెల్‌తో పనిచేసేది చూడండి. పొడి ఎలక్ట్రోడ్లు పెట్టడం సులువే గానీ కదలికకు తొందరగా చెదిరిపోతాయి, కొందరికి నెత్తిన గుచ్చుకుంటాయి. ఆయన గుచ్చుకుంటోందని చెప్పలేరన్నది గుర్తుంచుకోండి. జెల్ పెట్టడం, సంకేతం చూసుకోవడం, ఆ రోజుకు కాలిబ్రేట్ చెయ్యడం, వాడాక తల కడగడం, వీటికి రోజూ ఒక మనిషి సమయం కావాలి. వెంటిలేటర్, కరెంటు మంచం, చార్జర్ల నుంచి వచ్చే అలజడి కూడా సంకేతంలో కలుస్తుంది. కాబట్టి ఎలక్ట్రోడ్ వైర్లను వాటికి దూరంగా ఉంచాలి.

అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టి చెప్పేది ఇది. యంత్రం ఇచ్చిన జవాబు ఆయనదేనని పరీక్షించండి. జవాబు ఆయనకూ, రాసేవాళ్లకూ కచ్చితంగా తెలిసిన ఇరవై ప్రశ్నలు మీ ఇంట్లో ఒకరు రాయాలి. సగం అవును, సగం కాదు, కలగాపులగంగా. యంత్రం దగ్గర కూర్చున్నవాళ్లకు సరైన జవాబులు తెలియకూడదు. ఇరవైలో పదిహేను లేదా అంతకంటే ఎక్కువ సరైనవి వస్తే, అది ఊరికే గుడ్డిదెబ్బగా జరిగే అవకాశం సుమారు 2 శాతమే. పది ప్రశ్నలే అడిగి ఎనిమిది సరిగ్గా వచ్చాయని సంతోషపడకండి. పదికి ఎనిమిది లేదా ఎక్కువ రావడం గుడ్డిగా కూడా సుమారు 5 శాతం సార్లు జరుగుతుంది. ఎంపికలు రెండే ఉన్నప్పుడు 70 శాతం సరైన జవాబులు రాకపోతే దాన్ని సంభాషణగా లెక్కపెట్టరు.

ప్రేమ ఉన్నచోట కనబడని అర్థాలు కనబడతాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పరిశోధకులు కూడా దీనికి అతీతులు కారు. కండరం ఒక్కటీ కదలని స్థితికి చేరిన ఏఎల్‌ఎస్ రోగులు అవును, కాదు చెప్పగలిగారని, మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పులను బట్టి తెలుసుకున్నామని 2017లో ప్లాస్ బయాలజీ పత్రికలో ఒక పత్రం వచ్చింది. ప్రపంచమంతా వార్త అయింది. విశ్లేషణపై ప్రశ్నలు లేచి, విచారణ జరిగి, 2019లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. 2022లో అలాంటి స్థితిలోనే ఉన్న ఒకాయన వినిపించే శబ్దం పిచ్‌ను పెంచుతూ తగ్గిస్తూ అక్షరాలు ఎంచుకోగలిగారు. అయితే ఆయనకు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టారు, వేగం నిమిషానికి సుమారు ఒక అక్షరం. కళ్లు కూడా పూర్తిగా ఆగిపోయాక తల పైన పెట్టే ఈఈజీతో నమ్మకంగా, రోజూ మాట్లాడగలుగుతారని నేను మీకు మాట ఇవ్వలేను.

మధ్యస్థంగా ఒక దారి ఉంది, తెలిసి ఉండటం మంచిది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఏఎల్‌ఎస్ ఉన్న ఒకావిడకు మెదడు ఉపరితలంపై కొన్ని ఎలక్ట్రోడ్లు పెట్టి, యంత్రమంతా చర్మం లోపలే అమర్చారు. చెయ్యి కదపాలని ప్రయత్నిస్తే అదే క్లిక్ అయ్యేది. 2016లో ఫలితాలు ప్రచురించినప్పుడు వేగం నిమిషానికి రెండు అక్షరాలే. కానీ ఆవిడ దాన్ని ఇంట్లో, నిపుణులు పక్కన లేకుండా, ఏళ్ల తరబడి వాడుకున్నారు. ఐ ట్రాకర్ పనిచెయ్యని ఎండలో, ఆరుబయట కూడా వాడుకున్నారు. నిమిషానికి 78 పదాల వార్త కంటే నాకు ఇది ఎక్కువ ఆశ ఇచ్చింది.

వెంటిలేటర్ కావాలా వద్దా, ఎప్పుడైనా మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే పరిశోధనలో (ఇంప్లాంట్ ట్రయల్‌లో) చేరే అవకాశం వస్తే ఒప్పుకుంటారా, వీడియోలు తీయడం ఇష్టమేనా, తన తరఫున ఎవరు మాట్లాడాలి, ఈ ప్రశ్నలన్నీ ఆయన కళ్లతో స్పష్టంగా జవాబు చెప్పగలిగే ఇప్పుడే అడగండి. ఒకే ప్రశ్నను వేరే రోజు, మాట తిప్పి మళ్లీ అడిగి, రెండు జవాబులూ తేదీతో రాసిపెట్టండి. "అవును", "కాదు", "ప్రశ్న మార్చండి" గుర్తులను పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు గోడకు అంటించండి. ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ కాగితం ఒకటి ఆయన ఫైల్‌లో, ఇంకొకటి మంచానికి ఉండాలి. రాత్రి డ్యూటీకి వచ్చే నర్సుకు ఆయన సంగతి మీరు చెప్పలేరు, ఆ కాగితం చెప్తుంది.